"వాసన రాలేదు కదా, తినొచ్చా?": వంటింట్లో తిండి చెడకుండా చూసుకోవడం ఎలా

మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లోనే వండి చుట్టుపక్కల పేరంటాలకీ, చిన్న చిన్న ఫంక్షన్లకీ కూరలు పంపుతుంటాను. అందుకేనేమో, నన్ను వంట గురించి అడిగేవాళ్లకంటే చెడిపోయిన వంట గురించి అడిగేవాళ్లే ఎక్కువ. పర్లాకిమిడి నుంచి ఒకరు, రాయగడ నుంచి ఒకరు, బరంపురం నుంచి మా పిన్ని. ప్రశ్న మాత్రం ఒక్కటే: "అక్కా, రాత్రి కూర బయటే ఉండిపోయింది. వాసనైతే రాలేదు. తినొచ్చా?"

వాసన చూసి చెప్పలేం. కంపు పుట్టించే క్రిములు వేరు, కడుపు పాడుచేసే క్రిములు వేరు. పుల్లటి వాసన కొట్టే చద్దన్నం హాయిగా అరుగుతుంది. ఘుమఘుమలాడే మటన్ కూర పదిమందిని మంచం ఎక్కిస్తుంది. అందుకని ముక్కును కాసేపు పక్కనపెట్టి రెండింటిని చూడండి: గడియారం, చెయ్యి. వండింది ఎంతసేపు గోరువెచ్చగా ఉండిపోయింది? చెయ్యి దేన్ని ముట్టుకుని దేని మీదికి వెళ్లింది? కింద రాసినదంతా ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది.

కావలసినవి

సబ్బు, రెండు కోత పలకలు (లేదా ఒక పలక, ఒక కత్తిపీట), నాలుగైదు నూలు మసిగుడ్డలు, వెడల్పాటి పళ్లేలు రెండు, మూతి సన్నంగా ఉన్న నీళ్ల బిందె లేదా కుళాయి ఉన్న డ్రమ్ము, పొడవాటి కాడ గరిటె, కాస్త పసుపు, ఒక రూపాయి నాణెం. ఉంటే మంచిది: వంటలో గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటరు. కొన్ని వందల్లో వస్తుంది. మిక్సీ జార్ మార్పించే ఖర్చు కంటే తక్కువే.

1. ముందు పసుపు పరీక్ష చేయండి

ఏమీ మార్చకముందు మీ వంటింట్లో మురికి ఎలా ప్రయాణం చేస్తోందో ఒకసారి చూసుకోండి. ఆదివారం చికెన్ తెచ్చినప్పుడు ముక్కలకు పసుపు కొంచెం ఎక్కువే పట్టించండి. తరవాత రోజూ ఎలా వండుతారో అలాగే వండండి. జాగ్రత్త పడొద్దు, మామూలుగానే ఉండండి. వంట అయ్యాక ఒక తడి తెల్లగుడ్డతో ఇవన్నీ తుడవండి: కుళాయి పిడి, ఉప్పు డబ్బా మూత, గ్యాస్ నాబు, ఫ్రిజ్ తలుపు, ఫోను, గరిటె కాడ, మీ చీర కుచ్చెళ్లు లేదా లుంగీ. గుడ్డకు పసుపు అంటిన ప్రతి చోటికీ పచ్చి మాంసం చేరినట్టే.

మొదటిసారి నేను చేసినప్పుడు ఫోను మీద, ఉప్పు డబ్బా మీద, పెరుగు గిన్నె మూత మీద కూడా వచ్చింది. పెరుగు గిన్నె నేను ముట్టుకున్న జ్ఞాపకమే లేదు.

ఏయే చోట్ల పసుపు వచ్చిందో కాగితం మీద రాసి పెట్టుకోండి. చివర్లో పనికొస్తుంది.

2. చేతులు, మసిగుడ్డ

పచ్చి మాంసం, చేప, గుడ్డు ముట్టుకున్న వెంటనే చేతులు సబ్బుతో ఇరవై అంకెలు లెక్కపెట్టే దాకా రుద్ది కడగండి. కుళాయిని మోచేత్తో తిప్పగలిగితే సరే, లేకపోతే ముందే కాస్త తిప్పి ఉంచుకోండి. ఉప్పు, కారం చేత్తో తీసుకునేవాళ్లు పచ్చి ముక్కలు పట్టుకోకముందే కావలసినంత ఒక గిన్నెలో తీసి పెట్టుకోవాలి. ఈ ఒక్క అలవాటుతో ఉప్పు డబ్బా సంగతి తీరిపోతుంది.

చేతికి తెగిన గాయమో, పుండో ఉంటే దాన్ని కట్టి, పైన ప్లాస్టిక్ తొడుగు వేసుకోండి. పుండులో ఉండే క్రిమి తిండిలో పడితే ఒక విషాన్ని వదులుతుంది. తరవాత ఎంత మరగబెట్టినా ఆ విషం పోదు. ఛెనా (పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద) మిఠాయిలు, కోవా, పాయసం ముట్టుకునేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే వాటిని చేత్తో పిసికాక మళ్లీ పొయ్యి మీద పెట్టేది తక్కువ.

మసిగుడ్డ గురించి కోపంగానే చెప్తాను. గట్టు తుడిచిన గుడ్డతో గిన్నె తుడిచి, అదే గుడ్డతో చెయ్యి తుడుచుకుని, రాత్రి సింకు అంచున ముద్దగా పడేసేవాళ్లు వంటింట్లో మిగతావి ఎంత శుభ్రంగా ఉంచినా ఒకటే. గట్టుకు ఒకటి, గిన్నెలకు ఒకటి, చేతులకు ఒకటి. రోజూ మరుగునీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి ఎండలో ఆరేయండి. వానాకాలంలో ఎండ రాదంటారా? అప్పుడు ఎక్కువ గుడ్డలు పెట్టుకోండి, తడిది మాత్రం వాడకండి.

3. నీళ్లు

వంశధార, నాగావళి పొంగే రోజుల్లో బావి నీళ్లనూ, చేతిపంపు నీళ్లనూ నమ్మొద్దు. 2007లో మన రాయగడ, కొరాపుట్, కలహండి జిల్లాల్లో కలరా వచ్చి ఎన్ని ఇళ్లు కూలాయో ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు.

నీళ్లు కళపెళ తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం అలాగే మరగనివ్వండి. చాలు. పావుగంట మరగబెట్టి గ్యాస్ అవగొట్టుకోనక్కర్లేదు. రెండు వేల మీటర్ల ఎత్తు దాటితేనే మూడు నిమిషాలు కావాలి. మన ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన దేవమాలి కొండే 1,672 మీటర్లు, కాబట్టి ఆ బాధ లేదు.

కాచలేకపోతే: క్లోరిన్ మాత్రలు ఆశా దీదీల దగ్గర దొరుకుతాయి. ఎన్ని లీటర్లకు ఒకటో ఆ పొట్లం మీదే ఉంటుంది. అది చూసి వేసి అరగంట ఆగండి. నీళ్లు మసగ్గా ఉంటే ముందు గుడ్డతో వడగట్టాలి, లేకపోతే మాత్ర పనిచెయ్యదు.

అసలు తప్పు ఇక్కడ కాదు. కాచి చల్లార్చిన బిందెలో గ్లాసుతో పాటు వేళ్లు కూడా ముంచడం. పొడవాటి కాడ గరిటె అందుకే చెప్పాను.

4. పచ్చి మాంసం, చేప

చికెన్ కడగొద్దు. ఈ మాట అంటే మా వదిన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కుళాయి కింద కడిగితే ఆ తుంపర్లు సింకు చుట్టూ, పక్కనున్న కొత్తిమీర మీద, ఆరబెట్టిన పళ్లేల మీద పడతాయి. కడిగితే క్రిములు పోవు, చోటు మారతాయంతే. వాటిని చంపేది పొయ్యి.

కడక్కుండా మనసొప్పదంటే ఇలా చేయండి: కుళాయి ఆపేసి, లోతైన గిన్నెలో నీళ్లు పోసి, ముక్కలు నెమ్మదిగా ముంచి తీయండి. నీళ్లు మెల్లగా వంపండి. ఆ తరవాత గిన్నె, సింకు సబ్బుతో కడిగి, పైన మరుగునీళ్లు పొయ్యండి. పక్కన ఏ గిన్నే ఉండకూడదు.

కోత పలక మాంసానికి వేరు, కూరగాయలకు వేరు. మనలో చాలామంది ఇళ్లలో కత్తిపీట ఒక్కటే ఉంటుంది. ఒడియా వాళ్లు దాన్నే "పనికి" అంటారు. ఒక్కటే ఉంటే వరస మార్చండి: ముందు కూరగాయలు, ఉల్లిపాయలు అన్నీ తరిగేసుకుని, చివర్న మాంసం. తరవాత కత్తిపీట బద్దకూ పీటకూ మధ్య ఉన్న సందును బ్రష్‌తో రుద్దండి. మురికి దాగేది ఆ సందులోనే.

ఎండుచేప, అంటే శుఖువా, ఎండింది కదా అని బియ్యం సంచి పక్కన పెట్టొద్దు. తేమ తగిలి మెత్తబడిన ముక్కలు, బూజు పట్టినవి పారేయండి. బూజు గీకేసి వేయించుకుంటే సరిపోదు.

5. ఉడికిందో లేదో చూడటం

థర్మామీటరు ఉంటే: ముక్కలో లావైన చోట, ఎముకకు తగలకుండా గుచ్చండి. చికెన్ 75 డిగ్రీలు దాటాలి. మళ్లీ వేడి చేసిన కూర కూడా అంతే, మధ్యలో 75. అంచులు తుకతుకలాడుతూ మధ్యలో గోరువెచ్చగా ఉండే కూరలే ఎక్కువ. కలుపుతూ వేడి చేయండి.

థర్మామీటరు సరిగ్గా ఉందా అంటే: చితక్కొట్టిన ఐసు ముక్కల్లో కొంచెం నీళ్లు పోసి అందులో పెట్టండి, సున్నా చూపాలి. మరిగే నీళ్లలో పెట్టి నూరు రాలేదని కొరాపుట్ నుంచి ఒకాయన తిప్పి పంపేశారట. కొరాపుట్ ఎత్తులో నీళ్లు దాదాపు 97 దగ్గరే మరుగుతాయి. ఆయన థర్మామీటరు బాగానే ఉంది.

థర్మామీటరు లేకపోతే: ముక్క ఎముక నుంచి సులువుగా ఊడాలి, గుచ్చితే వచ్చే నీరు తేటగా ఉండాలి, లోపల గులాబీ రంగు ఉండకూడదు. ఇది థర్మామీటరంత నమ్మకం కాదు, కాబట్టి అనుమానం ఉంటే ఇంకో ఐదు నిమిషాలు. గుడ్డు పచ్చసొన గట్టిపడాలి, ముఖ్యంగా గర్భిణులకు, పసిపిల్లలకు, ముసలివాళ్లకు.

6. వండింది చల్లార్చడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. నేనూ ఇక్కడే చేశాను.

కొన్నేళ్ల కిందట మా ఇంట్లోనే మా అబ్బాయి అక్షరాభ్యాసం. ముందురోజు రాత్రి పెద్ద డేగిసాలో మటన్ కూర వండేశాను, తెల్లారి తీరిక ఉండదని. బాగా ఉడికింది. మూత పెట్టి, దుమ్ము పడకుండా పైన గుడ్డ కట్టి, గట్టు మీద ఉంచి పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి డేగిసా ఇంకా వెచ్చగానే ఉంది. "చూడు, ఇంకా వేడి ఉంది, పాడవలేదు" అని సంతోషపడ్డాను కూడా. కాస్త వేడి చేసి వడ్డించాను. ఆ రాత్రికి పదకొండుమందికి కడుపునొప్పి, విరేచనాలు. కూర రుచిగా ఉందని అందరూ అడిగి వడ్డించుకున్నారు మరి.

రాత్రంతా వెచ్చగా ఉండటమే తప్పు. ఉడికించినా చావని విత్తనాల్లాంటివి కొన్ని క్రిములకుంటాయి. కూర 60 డిగ్రీల కిందికి దిగాక అవి మొలుస్తాయి. 60కీ 5కీ మధ్య ఉన్నంతసేపూ వాటికి పండగే. లోతైన డేగిసా మూత పెట్టి ఉంచితే మధ్యలో ఉన్న కూర ఆ దశలోనే తెల్లవార్లూ కూర్చుంటుంది. అన్నంలో పెరిగే క్రిమి మరో రకం. అది వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే "బాగా మరగబెట్టేశాను" అనే మాట నిన్నటి అన్నం విషయంలో చెల్లదు.

ఇలా చేయండి:

వండిన వెంటనే వేడివేడిగా తినేయడం అన్నిటికంటే మేలు. మిగిలేది ఎంతో ముందే తెలుస్తుంది కాబట్టి, తినడానికి కూర్చోకముందే దాన్ని వేరు చేయండి. అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో రెండు అంగుళాల మందం మించకుండా పరవండి. కూరను చిన్న గిన్నెల్లోకి తీసి, ఆ గిన్నెలను చల్లటి నీళ్ల తొట్టిలో పెట్టి మధ్యమధ్య కలపండి. ఆవిరి పోయేదాకా మూత పూర్తిగా బిగించొద్దు, పల్చటి గుడ్డ చాలు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు ఎండకు, అంటే 32 డిగ్రీలు దాటిన రోజుల్లో, ఒక గంటే లెక్క.

ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాటితో సరి. కూర మూడు రోజులు. ఒక్కసారే వేడి చేయండి, అదీ తినేంత మాత్రమే తీసి. గిన్నె మొత్తం వేడి చేసి, సగం తిని, సగం మళ్లీ లోపల పెట్టడం మా అత్తగారి పొదుపు. ఆవిడ మంచిదే, పద్ధతి మంచిది కాదు.

ఫ్రిజ్ లేకపోతే: మిగలనంత వండండి. మిగిలిన అన్నాన్ని వెంటనే నీళ్లన్నంగా మార్చేయండి. అది వచ్చే అంకెలో ఉంది.

ఫంక్షన్‌కు వండేవాళ్లకు: ముందురోజు మసాలా నూరుకోండి, ఉల్లిపాయలు వేయించుకోండి, మాంసం మాత్రం ఆ రోజే వండండి. వడ్డించే దాకా పొయ్యి మీద సన్నని సెగ మీద ఆవిరి వస్తూనే ఉండాలి. ఆవిరి ఆగిపోతే గడియారం మొదలైనట్టు.

7. నీళ్లన్నం, పఖాళ

నీళ్లు పోసి పులియబెట్టిన అన్నాన్ని ఒడియాలో పఖాళ అంటారు. మార్చి 20న ఒడిశా అంతా పఖాళ దినం చేస్తారు. మన తాతమ్మలు చేసిన తరవాణి కుండా ఇంచుమించు ఇదే. నిన్నటి అన్నం ప్రమాదమైతే పఖాళ ఎందుకు కాదని చాలామంది అడుగుతారు. పులుపు వల్ల. మంచి పులుపు త్వరగా ఎక్కితే చెడ్డ క్రిములు పెరగలేవు. కాబట్టి మన పనల్లా ఆ పులుపును తొందరగా రప్పించడమే.

అన్నం పరిచి చల్లార్చండి. మరుగునీళ్లతో కడిగి ఆరబెట్టిన కుండ లేదా స్టీలు గిన్నె తీసుకోండి. కాచి చల్లార్చిన నీళ్లు అన్నం మునిగి రెండంగుళాలు పైకి వచ్చేలా పొయ్యండి. ఒక గరిటెడు తాజా మజ్జిగ గానీ, నిన్నటి బాగా కుదిరిన పఖాళ నీళ్లు గానీ కలపండి. మూత పెట్టి పొద్దున్నదాకా ఉంచండి. మధ్యాహ్నంలోపు తినేయండి.

ఎలా తెలుస్తుంది: శుభ్రమైన పులుపు, నీళ్లు తెల్లగా ఉండాలి. జిగురు సాగినా, పైన రంగుల పొర కట్టినా పారబోయండి. పఖాళ కుదిరిందో లేదో ముక్కు కొంతవరకు చెప్తుంది, అది నిజమే. అయితే కూరల దగ్గర దాని మాట వినొద్దు. సాయంత్రం దాకా బయటే ఉన్న అన్నాన్ని రాత్రి పఖాళ చేసేస్తే బాగుపడుతుందని మాత్రం అనుకోవద్దు. చల్లారిన వెంటనే నీళ్లు పొయ్యాలి.

8. ఫ్రిజ్, కరెంటు, రూపాయి నాణెం

పచ్చి మాంసం అన్నిటికంటే కింది అరలో, కారని డబ్బాలో. పై అరలో ఉంచితే దాని నీరు కింద ఉన్న పెరుగులోకి కారుతుంది. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీల కంటే తక్కువ ఉండాలి. గ్లాసు నీళ్లలో థర్మామీటరు పెట్టి రాత్రంతా మధ్య అరలో ఉంచి పొద్దున్న చూడండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంటే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజరైతే 48 గంటలు, సగం నిండినదైతే 24.

ఇక నాణెం: చిన్న గిన్నెలో నీళ్లు పోసి ఫ్రీజర్లో గడ్డకట్టించండి. పైన రూపాయి నాణెం పెట్టి అలాగే వదిలేయండి. ఊరెళ్లి వచ్చాక చూస్తే నాణెం పైనే ఉంటే సరే. అడుక్కి దిగిపోయి ఉంటే, మధ్యలో ఐసు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. లోపలి చేపలు చూడ్డానికి రాయిలా గట్టిగానే ఉంటాయి, కానీ పారేయాలి.

9. మందు డబ్బాలు

రాయగడ జిల్లాలో పత్తి వేసే ఊళ్లవాళ్లకు ఇది ముఖ్యం. 2013 జూలైలో బీహార్‌లోని ఛప్రా దగ్గర బళ్లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో కలిసింది మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు. పొలానికి కొట్టే మందే.

ఖాళీ మందు డబ్బాను ఎన్నిసార్లు కడిగినా తిండికి వాడొద్దు. నూనెకూ వద్దు, నీళ్లకూ వద్దు, ఉప్పుకూ వద్దు. ఇంటికే తేవొద్దు. మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పిచికారీలోనే పోసి, ఎవరూ మళ్లీ వాడకుండా డబ్బాకు కన్నాలు పొడవండి. మందు వంటింట్లో, అటక మీద, బియ్యం గదిలో పెట్టొద్దు. శీతలపానీయం సీసాల్లో అసలు పొయ్యొద్దు.

ధాన్యానికి పురుగు పడుతుందని పెట్టే గ్యాస్ మాత్రలు మనుషులు పడుకునే ఇంట్లో పెడితే ప్రాణాలు పోతాయి. వేపాకు, ఎండుమిర్చి, ఎండలో బాగా ఆరబెట్టి బిగుతైన డబ్బాలో పోయడం: ఇంటి మోతాదుకు ఇవి చాలు.

వేరుశనగ, మొక్కజొన్నల్లో నల్లబడినవి, ముడతలుపడినవి, బూజువి ఏరేయండి. చేదు తగిలితే ఉమ్మేయండి. ఆ బూజు విషం వేపుడుకు పోదు, కాలేయాన్ని పట్టుకుంటుంది.

ఆవనూనె విడిగా కొనొద్దు. ఆవచేలో మొలిచే బ్రహ్మదండి గింజలు ఆవాల్లాగే ఉంటాయి. ఆ నూనె కలిసి 1998లో ఢిల్లీలో ఎంతోమంది కాళ్లు వాచి, గుండె దెబ్బతిని చనిపోయారు. సీలు ఉన్న ప్యాకెట్టే కొనండి.

10. అడవి నుంచి, సంత నుంచి వచ్చేవి

పుట్టగొడుగులు (సంతలో ఛతు అంటారు): వెండి నాణెం నల్లబడితే విషమనీ, పసుపు వేస్తే తెలుస్తుందనీ, పురుగు తిన్నది మనమూ తినొచ్చనీ చెప్పే పరీక్షలన్నీ తప్పు. ఒక్కటీ పనిచెయ్యదు. ఏటా అదే చోట కోసే మనిషి తెచ్చి, పేరు చెప్పి, తానూ తినేదైతే కొనండి. అనుమానముంటే పెంపకం పుట్టగొడుగులే కొనుక్కోండి. తిన్న ఆరేడు గంటల తరవాత వాంతులు మొదలైతే అది మరీ ప్రమాదం. ఒకరోజు తగ్గినట్టే ఉండి తరవాత కాలేయం పాడవుతుంది. తగ్గిందని ఇంట్లో ఉండిపోకండి, మిగిలిన పుట్టగొడుగు ముక్క పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

వెదురు కొమ్ములు, ఒడియాలో కరడి: పచ్చివి తినొద్దు. సన్నగా తరిగి, మూత లేకుండా ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మళ్లీ ఉడికించండి. చేదు ఉంటే మూడోసారి కూడా. మూత పెడితే బయటికి పోవలసిన విషపు ఆవిరి లోపలే ఉండిపోతుంది.

మామిడి టెంక పిండి: 2001లో మన జిల్లాలోని కాశీపూర్ వైపు, 2024 నవంబరులో కంధమాల్‌లో, టెంక అంబలి తాగాక మనుషులు చనిపోయారు. అది తెలివితక్కువతనం కాదు, తిండి దొరక్క తిన్నది. తరతరాలుగా కొండల్లో తినే తిండే అది. తడి తగిలి బూజు పట్టిన టెంకలతోనే భయం. నిల్వ ఉంచే ఇళ్లవాళ్లు బాగా ఎండబెట్టి, నేలకు తగలకుండా ఉంచి, రంగు మారినవి ఏరేయాలి.

అడవి తేనె ఎంత మంచిదైనా ఏడాది నిండని పసివాళ్ల నాలికకు రాయొద్దు. పురుటి గదిలో పెద్దవాళ్లు గొడవ చేస్తారు. చెయ్యనివ్వండి.

11. గిన్నెలు, కాగితాలు

కళాయి పోయిన ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుసు, పెరుగు, చింతపండు వద్దు. వాంతులవుతాయి. గిన్నెలు తోమే స్టీలు పీచు తీగలు ఊడుతుంటే మార్చేయండి. వేడి బజ్జీలు, వడలు వార్తాపత్రికలో చుట్టొద్దని 2023లో ఆహార భద్రత సంస్థ కూడా హెచ్చరించింది. సిరాలో సీసం లాంటివి ఉంటాయి. అడ్డాకుల విస్తళ్లు మేలు. బూజు చుక్కలు లేనివి చూసి, తుడిచి, ఆరనిచ్చి వాడండి.

ఎవరికైనా వస్తే

ఒక ఓఆర్‌ఎస్ పొట్లం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు తలగొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు. ఉప్పు పెరిగితే హాని, కాబట్టి కొలిచే వెయ్యండి. గుక్కగుక్కగా తాగించండి. పిల్లలకు విరేచనాలు కట్టేసే మాత్ర వెయ్యొద్దు.

ఆగకుండా 108కి ఫోన్ చేయవలసినవి: గంజినీళ్లలాంటి విరేచనాలు ఆగకుండా అవడం, విరేచనంలో రక్తం, కళ్లు లోపలికి పోవడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, చూపు రెండుగా కనబడటం, రెప్పలు వాలిపోవడం, పురుగుమందు వాసన. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే అందరూ కలిసి తిన్నదేదో గుర్తు చేసుకుని, మిగిలిందాన్ని పారేయకుండా మూతపెట్టి విడిగా ఫ్రిజ్‌లో ఉంచండి. డాక్టరు అడుగుతారు.

సరిగ్గా చేస్తున్నామా అని చూసుకోవడం

నెల తరవాత మళ్లీ పసుపు పరీక్ష చేయండి. మొదట రాసుకున్న కాగితం తీసి పక్కన పెట్టుకోండి. చోట్లు సగానికి తగ్గితే పద్ధతి కుదిరినట్టు. తగ్గకపోతే మీరు చేసే పనుల్లో వరస ఎక్కడ తప్పుతోందో చూడండి. చాలాసార్లు చెయ్యి కడుక్కునేది ఫోను మోగాక, మోగకముందు కాదు. రెండో పరీక్ష గడియారానిది: పొయ్యి ఆపిన టైము, ఫ్రిజ్‌లో పెట్టిన టైము ఒక వారం పాటు సుద్దముక్కతో ఫ్రిజ్ తలుపు మీద రాయండి. మూడో రోజుకే మీకు అర్థమవుతుంది, మనం గంట అనుకున్నది మూడు గంటలని.

పోయిన ఆదివారం నేను చేసినప్పుడు ఫోను శుభ్రంగా వచ్చింది, పెరుగు మూత శుభ్రంగా వచ్చింది. ఉప్పు డబ్బా మూత మీద మాత్రం ఇంకా రెండు వేలి ముద్రలు ఉన్నాయి. అవి మా ఆయనవి అని నా అనుమానం.